ఆర్కిటిక్ నీరు ఎక్కడిదో తేల్చాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

ఆర్కిటిక్ యాత్రలో నీ పని నీటి మూలాలు తేల్చడమేనన్నావు కదా. ముందు లవణీయత, ఆక్సిజన్-18 (ఆక్సిజన్‌లో బరువైన రకం), నైట్రేట్, ఫాస్ఫేట్, ఈ నాలుగింటినీ గట్టిగా పట్టుకో. నీటి జాడ చెప్పే మూలకాలు ఇంకా ఉన్నాయి గానీ, నియోడిమియంకి ప్రతి లోతులోనూ లీటర్ల కొద్దీ వడకట్టిన నీరు కావాలి. రేడియంకి వందల లీటర్లు కావాలి. వాటి సంగతి తర్వాత.

నది నీరైనా, కరిగిన సముద్రపు మంచైనా ఉప్పును తగ్గిస్తాయి. కాబట్టి లవణీయత ఒక్కటే చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. వాటిని విడదీసేది ఆక్సిజన్-18. ఆర్కిటిక్ నదులకు అది −20 పర్ మిల్ చుట్టుపక్కల ఉంటుంది, అంటే ప్రామాణిక సముద్రపు నీటికంటే వెయ్యింటికి 20 వంతులు తక్కువ. సముద్రపు మంచుకేమో, అది గడ్డకట్టిన నీటికంటే సుమారు 2.6 పర్ మిల్ వరకు ఎక్కువే ఉంటుంది.

నిస్కిన్ సీసా (కావలసిన లోతులో నీరు పట్టి తెచ్చే గొట్టం) తెరిచాక వాయువుల నమూనాలకే మొదటి వంతు, తర్వాత పోషకాలు (నైట్రేట్, ఫాస్ఫేట్ లాంటివి), చివర్లో ఆక్సిజన్-18, లవణీయత. ఆక్సిజన్-18 చిన్న సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, మెడదాకా నింపి, మూత బిగించి టేపు చుట్టు. రసాయనమేమీ కలపక్కర్లేదు, చల్లగా ఉంచితే చాలు. గాజు సీసాను ఫ్రీజర్లో మాత్రం పెట్టకు, పగులుతుంది. మూత వదులైతే తేలికైన అణువులు ముందు ఆవిరైపోతాయి, అప్పుడు విలువ పెరిగి నది నీరు తక్కువగా కనిపిస్తుంది. 0.1 పర్ మిల్ పొరపాటు అంటే నది వాటాలో దాదాపు అర శాతం. పోషకాల సీసాలను ఇందుకు భిన్నంగా, పైన ఖాళీ వదిలి, నిటారుగా −20 డిగ్రీల్లో గడ్డకట్టించు. నిండా పోస్తే ఉప్పు చిక్కబడ్డ నీరు మూతలోంచి కారిపోయి లెక్క చెడుతుంది.

ఇక లెక్క. లవణీయత 32, ఆక్సిజన్-18 −2.0 వచ్చిందనుకో. అదే వరసలో అట్లాంటిక్ నీటికి 34.92, +0.3, నదికి 0, −20, మంచుకు 4, +0.6 తీసుకుంటే అట్లాంటిక్ 92 శాతం, నది 11.3, మంచు −3.3 వస్తాయి. మైనస్ చూసి కంగారుపడకు. ఆ నీటిలోంచి కొంత మంచుగా గడ్డకట్టి పోయి, ఉప్పు మిగిలిందని అర్థం. ఇప్పుడు నది విలువ −18 చేసి చూడు, 11.3 కాస్తా 12.5 అవుతుంది. అందుకే అట్లాంటిక్, నది, మంచులకు ముందుగా అనుకున్న విలువలను మార్చి మార్చి లెక్కగట్టి, వచ్చిన తేడాను కూడా రాయి. అది లేని పట్టికను నేనైతే నమ్మను. ఒక సంగతి, ఇక్కడ 'నది' అంటున్నదాంట్లో వాన, మంచువాన కూడా కలిసే ఉంటాయి.

పసిఫిక్ నీరు ఉన్నచోట ఈ మూడు వాటాల లెక్క తప్పుతుంది. ఆ నీరు అట్లాంటిక్ కంటే తియ్యనిది (ఉప్పు తక్కువ), కాబట్టి దాని తియ్యదనమంతా నది ఖాతాలో పడిపోతుంది. దాన్ని పట్టించేది నైట్రేట్-ఫాస్ఫేట్ జోడీ. పసిఫిక్ నీరు ఆర్కిటిక్‌లోకి వచ్చే దారిలోని బేరింగ్, చుక్చీ తీరపు లోతులేని సముద్రాల అడుగు మట్టిలో నైట్రేట్ నత్రజని వాయువుగా మారిపోతుంది గనుక, అదే ఫాస్ఫేట్‌కి పసిఫిక్ నీటిలో నైట్రేట్ తక్కువ. అమ్మోనియం, నైట్రైట్‌లను కూడా కలిపి లెక్కించు. చిక్కేమిటంటే, సైబీరియా దగ్గరి లోతులేని సముద్రాల్లోనూ అదే జరుగుతుంది, అక్కడ అట్లాంటిక్ నీరు పసిఫిక్ వేషం కడుతుంది. అనుమానం వస్తే సిలికేట్ అనే మరో పోషకాన్ని చూడు. కెనడా బేసిన్‌లో (కెనడాకు ఉత్తరాన ఉన్న లోతైన ఆర్కిటిక్ భాగం) లవణీయత 33 దగ్గర సిలికేట్ బాగా ఎక్కువగా ఉంటే పసిఫిక్ అనొచ్చు.

బేరియం అనే మూలకం కెనడాలోని మెకంజీ నదిలో ఎక్కువ కాబట్టి ఉత్తర అమెరికా నీటిని సైబీరియా నీటినుంచి వేరుచేయడానికి వాడతారు. కానీ ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) విరగబడి పెరిగే వేసవి పైపొరలో అది తగ్గిపోతుంది, అక్కడి విలువలతో నదుల వాటాలు తేల్చకు.