అలాస్కా క్రూయిజ్‌కు ముందు రాకీ మౌంటెనీర్ రైలు ఎక్కవచ్చా: మా అనుభవం

సెప్టెంబరులో వాంకూవర్ నుంచి బయలుదేరే అలాస్కా క్రూయిజ్‌కు టికెట్లు తీసుకున్నామని రాశారు. దానికి ముందు రాకీ మౌంటెనీర్ (రాకీ పర్వతాల్లోని బాన్ఫ్ ఊరికీ వాంకూవర్‌కూ మధ్య రెండు రోజులు నడిచే పర్యాటక రైలు) ఎక్కితే పెట్టిన డబ్బుకు తగినట్టు ఉంటుందా, రైలు దిగిన మర్నాడే ఓడ ఎక్కవచ్చా, రెండు తరగతుల్లో ఏది తీసుకోవాలి అని అడిగారు. రెండేళ్ల క్రితం సెప్టెంబరు రెండో వారంలో నేనూ, మా వారూ, డెబ్బై నాలుగేళ్ల మా అత్తగారూ సరిగ్గా ఈ ప్రయాణమే చేశాము కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: రైలు దిగడానికీ ఓడ ఎక్కడానికీ మధ్య ఒక పూర్తి రోజు ఖాళీగా ఉంచుకోగలిగితే తప్పకుండా ఎక్కండి, ఆ ఒక్క రోజుకు చోటు లేకపోతే రైలును మరో ఏటికి వాయిదా వేసుకోండి.

ఆ ఖాళీ రోజు గురించి ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. ఈ రైలు నడిచే పట్టాలు రైలు నడిపేవారి సొంతం కావు. అవి కెనడాలోని రెండు పెద్ద సరుకు రవాణా రైల్వే సంస్థలవి. ఆ దారి చాలా చోట్ల ఒకే లైను. గోధుమలు, బొగ్గు, పొటాష్, కంటెయినర్లు మోసుకుపోయే, మూడు కిలోమీటర్ల దాకా పొడవుండే గూడ్సు బండ్లు ఎదురైనప్పుడు ప్రయాణికుల రైలు పక్క లైనులో ఆగి దారి ఇవ్వవలసి వస్తుంది. అందువల్ల చేరే సమయం ఎప్పుడూ అంచనా మాత్రమే, గంటల కొద్దీ ఆలస్యం ఈ మార్గంలో వింత కాదు. మేము మొదట సంప్రదించిన ఒక ట్రావెల్ ఏజెంటు, సాయంత్రం రైలు దిగి మర్నాడు మధ్యాహ్నం ఓడ ఎక్కేటట్టు పట్టిక తయారు చేసి ఇచ్చాడు. కాగితం మీద అది చక్కగానే కనిపించింది. కాని రెండు రోజులు వరుసగా తెల్లవారుజామున లేచి, రోజంతా కూర్చుని వచ్చిన పెద్దావిడను మర్నాడే ఓడరేవు క్యూలో నిలబెట్టడం మాకు ఇష్టం లేక వాంకూవర్‌లో రెండు రాత్రులు బస పెట్టుకున్నాము.

ఆ క్యూ చిన్నది కాదని ఓడ ఎక్కే రోజున తెలిసింది. అలాస్కా ఓడలు బయలుదేరే కెనడా ప్లేస్ టెర్మినల్‌లోనే అమెరికా అధికారులు పాస్‌పోర్టులు తనిఖీ చేస్తారు. అంటే అమెరికాలో ప్రవేశం అలాస్కాలో కాక వాంకూవర్ రేవులోనే జరిగిపోతుంది. ఒకే రోజు రెండు మూడు ఓడలు ఉంటే వేల మంది ఆ ఒక్క దారినే వెళ్లాలి. ఇంకో సంగతి కూడా చాలామంది గమనించరు. కెనడా ప్లేస్ పక్కనే ఉన్న వాటర్‌ఫ్రంట్ స్టేషన్ ఒకప్పుడు కెనడియన్ పసిఫిక్ రైళ్లకు చివరి మజిలీ కనుక, రైలు దిగి నడిచి ఓడ ఎక్కవచ్చని కొందరు అనుకుంటారు. రాకీ మౌంటెనీర్ అక్కడికి రాదు. దాని స్టేషన్ నగరానికి తూర్పు వైపున వేరే ఉంది, అక్కడి నుంచి హోటలుకు గాని రేవుకు గాని టాక్సీయో బస్సో ఎక్కవలసిందే.

ఇక అసలు రైలు సంగతి. మీరు ఓడను వాంకూవర్‌లో ఎక్కుతారు కనుక సహజంగానే బాన్ఫ్ నుంచి పడమటికి వచ్చే దారి కుదురుతుంది. కొండలు క్రమంగా పెరుగుతూ రావాలంటే వాంకూవర్ నుంచి తూర్పుకు వెళ్లడమే అందమని కొందరు అంటారు, ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాని క్రూయిజ్‌కు ముందు అయితే పడమటి దారిలో ఒక సొగసు ఉంది: రెండో రోజంతా మీరు థాంప్సన్ నది వెంట, ఆ తరువాత అది కలిసే ఫ్రేజర్ నది వెంట సముద్రం దాకా దిగి వస్తారు. ఆ నీళ్లు కలిసే సముద్రం మీదనే రెండు రోజుల తరువాత మీ ఓడ బయలుదేరుతుంది.

మొదటి రోజు పొద్దున్న, బాన్ఫ్ వదిలిన కొన్ని గంటలలోనే రైలు 1,627 మీటర్ల ఎత్తున ఉన్న కికింగ్ హార్స్ కనుమ దాటుతుంది. అక్కడికి తూర్పున పడిన వాన హడ్సన్ అఖాతానికి, పడమట పడిన వాన పసిఫిక్‌కు పోతుంది. కనుమ దాటాక వచ్చే దిగుడును రైల్వేవారు పెద్ద కొండ అని పిలిచేవారు. 1884లో వేసిన పట్టాలు ప్రతి వంద మీటర్లకు నాలుగున్నర మీటర్లు దిగేవట. బ్రేకులు పట్టక బండ్లు జారిపోయి మనుషులు చనిపోయిన వాలు అది. 1909లో రెండు కొండల కడుపులో గుండ్రంగా చుట్టు తిరిగే స్పైరల్ సొరంగాలు తవ్వి ఆ వాలును సగానికి తగ్గించారు. నిజం చెప్పాలంటే రైలులో కూర్చుంటే ఆ చుట్టు కనిపించదు. చీకట్లోకి వెళ్లేటప్పుడు ఎడమ కిటికీలో ఉన్న కొండ బయటికి వచ్చేసరికి కుడి కిటికీలో ఉంటుంది, అంతే. మా అత్తగారు "బండి వెనక్కి పోతోందేమిటమ్మా?" అని నిజంగానే కంగారుపడ్డారు. పొడవైన గూడ్సు బండి తన తోకమీదుగా తానే పోవడం చూడాలంటే మాత్రం ట్రాన్స్ కెనడా హైవే పక్కన ఉన్న వ్యూ పాయింట్ దగ్గర కారు ఆపుకుని వేచి ఉండాలి.

మధ్యాహ్నం రోజర్స్ కనుమ ప్రాంతం వస్తుంది. 1910 మార్చిలో అక్కడ ఒక హిమపాతం కప్పేసిన పట్టాల మీద మంచు తవ్వుతున్న కూలీలపై రెండో హిమపాతం విరిగి పడి 58 మంది చనిపోయారు. ఆ తరువాతనే కనుమ కిందుగా ఎనిమిది కిలోమీటర్ల కనాట్ సొరంగం తవ్వి 1916లో తెరిచారు. సాయంత్రం వేళ క్రెయిగెలాకీ అనే చిన్న చోట, 1885 నవంబరు 7న ఖండాన్ని కలిపే రైలు మార్గానికి చివరి మేకు కొట్టిన స్థలం కిటికీ పక్కనుంచి కొన్ని క్షణాలలో వెళ్లిపోతుంది. ముందుగా ఎదురుచూస్తూ ఉండకపోతే దొరకదు.

రెండో రోజు గురించి ఎవరూ పెద్దగా రాయరు, నాకు మాత్రం అదే ఎక్కువ నచ్చింది. రాత్రి బస చేసిన కామ్‌లూప్స్ ఊరు దాటాక పచ్చదనం పోయి, ఎండిన గోధుమ రంగు కొండలు, రాళ్ల మధ్య తుప్పలు, వాటి మీద కొమ్ములు చుట్టుకున్న కొండ గొర్రెలు కనిపిస్తాయి. నిన్నటి మంచుకొండలకూ దీనికీ సంబంధమే ఉండదు. లిటన్ దగ్గర థాంప్సన్ వచ్చి ఫ్రేజర్‌లో కలిసే చోట ఆకుపచ్చ నీళ్లూ మట్టి నీళ్లూ కొంత దూరం విడివిడిగానే ప్రవహిస్తాయి. 2021 జూన్‌లో కెనడా చరిత్రలోనే అత్యధికంగా 49.6 డిగ్రీల వేడి నమోదైన ఊరు అదే, ఆ మర్నాడే మంటల్లో చాలావరకు కాలిపోయిన ఊరూ అదే. దాని తరువాత సిస్కో దగ్గర రెండు కంపెనీల పట్టాలు వంతెనల మీద నది దాటి గట్లు మార్చుకుంటాయి. ముందుగా వచ్చినవాడు సులువైన గట్టు పట్టుకున్నాడు, వెనుక వచ్చినవాడికి మిగిలినది దక్కింది. ఆపైన నది దాదాపు 35 మీటర్లకు ఇరుకైపోయే హెల్స్ గేట్. ఈ లోయలో కొండ చెక్కి పట్టాలు వేసింది ఎక్కువగా 1880లలో వచ్చిన చైనా కూలీలు. వారిలో వందలమంది ఇక్కడే పోయారు. మెత్తటి సీట్లో కూర్చుని టీ తాగుతూ ఆ కథ వినడం కొంత ఇబ్బందిగానే అనిపించింది.

ఒక విషయంలో మాత్రం మోసపోకండి. రైలు ఆగే చోట్లలో లేక్ లూయీజ్ అనే పేరు ఉన్నా, రైలులోంచి ఆ సరస్సు కనిపించదు. అది స్టేషనుకు బాగా పైన, కొండ మీద ఉంటుంది. మొరెయిన్ సరస్సూ అంతే, బాన్ఫ్‌కు ఉత్తరాన ఉన్న జాస్పర్ ఊరికి పోయే దారిలోని హిమానీనదాలూ అంతే. అవి చూడాలంటే రైలుకు ముందు బాన్ఫ్ ప్రాంతంలో కనీసం మూడు రాత్రులు ఉండి తీరాలి. మొరెయిన్ సరస్సుకు 2023 నుంచి సొంత కార్లను అనుమతించడం లేదు, కనుక షటిల్ బస్సులో సీట్లు ముందే తీసుకోండి. రాకీ పర్వతాలను రైలుతోనే సరిపెట్టుకుందాము అనుకునేవారికి నేను ఈ ప్రయాణం సిఫారసు చేయను.

తరగతుల విషయానికి వస్తే, గోల్డ్‌లీఫ్ పెట్టె రెండంతస్తులది: పైన అద్దాల గోపురం కింద సీట్లు, కింద భోజనశాల, ఒక చివర గాలి తగిలేలా నిలబడే తెరిచిన వేదిక. సిల్వర్‌లీఫ్ ఒకే అంతస్తు. కిటికీ అద్దాలు పైకప్పు వైపు వంగి ఉంటాయి, భోజనం సీటు దగ్గరికే తెచ్చి ఇస్తారు. మేము సిల్వర్‌లీఫ్ తీసుకున్నాము. డబ్బు ఒక కారణం, మా అత్తగారి మోకాళ్లు రెండో కారణం. గోల్డ్‌లీఫ్‌లో అవసరమైనవారికి లిఫ్టు ఉన్నా, భోజనానికి రోజుకు రెండుసార్లు కిందికీ పైకీ తిరగడం ఆవిడకు విసుగు. మిగిలిన డబ్బుతో ఓడలో బాల్కనీ ఉన్న గది తీసుకున్నాము, ఆ బేరం మాకు ఎంతో కలిసివచ్చింది. మీరు ఫొటోల మీద ప్రాణం పెట్టేవారైతే లెక్క మారుతుంది; అద్దంలోంచి తీసిన ఫొటోల్లో మన ముఖాల నీడలే ఎక్కువ పడతాయి, ఆ తెరిచిన వేదిక కోసమైనా గోల్డ్‌లీఫ్ తీసుకోవచ్చు. శాకాహారం సంగతి బుకింగ్ సమయంలోనే చెప్పాము, ఇబ్బంది రాలేదు.

రైలు పగటి పూటే నడుస్తుంది. రాత్రి కామ్‌లూప్స్‌లో హోటలులో పడుకుంటారు. పెద్ద పెట్టెలను రోడ్డు మీద ట్రక్కులో పంపి నేరుగా గదికి చేరుస్తారు, అందువల్ల పగలంతా అవి మన చేతిలో ఉండవు. ఇది తెలిసి కూడా నేను మా అత్తగారి రక్తపోటు మాత్రలు పెద్ద పెట్టెలో సర్దేశాను. ఆ రోజు సాయంత్రం దాకా నా ప్రాణం కుదుటపడలేదు. మందులు, చలికోటు, ఛార్జర్, పాస్‌పోర్టులు చేతి సంచీలోనే ఉంచుకోండి. రైలులో వైఫై ఉండదు, లోయల్లో ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు, కాబట్టి ఓడ తాలూకు ఆన్‌లైన్ చెక్ ఇన్ వంటి పనులు బాన్ఫ్‌లోనే ముగించుకోవడం మేలు.

ఖర్చు గురించి దాపరికం లేకుండా చెప్పాలంటే ఇది ఖరీదైన ప్రయాణమే. సెప్టెంబరులో చిన్న తరగతికే మనిషికి రెండు వేల కెనడా డాలర్లకు పైమాటే. బాన్ఫ్ మీదుగా నడిచే మామూలు ప్రయాణికుల రైలు 1990 జనవరిలోనే ఆగిపోయింది కనుక ఆ మార్గంలో దీనికి పోటీ లేదు. జాస్పర్ నుంచి వాంకూవర్‌కు కెనడా ప్రయాణికుల రైల్వే సంస్థ వియా రైల్ వారి కెనడియన్ రైలు ఉంది, టికెట్ చాలా తక్కువ, కాని దారిలో మంచి భాగం రాత్రిపూట దాటిపోతుంది. కారు నడపడం ఇష్టమైతే బాన్ఫ్ నుంచి వాంకూవర్‌కు సుమారు 850 కిలోమీటర్లు. రహదారి చాలా దూరం పట్టాల పక్కనే సాగుతుంది, కావలసిన చోట ఆగవచ్చు. ముగ్గురిలో ఒకరు రెండు రోజులూ రోడ్డునే చూస్తూ ఉండాలి, అదే దాని లోటు. మా ఇంట్లో ఆ ఒకరు ఎప్పుడూ మా వారే కనుక ఆయన రైలుకే ఓటు వేశారు.

వీసాల విషయం చివరికి మిగల్చకండి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా సందర్శక వీసా, అమెరికా వీసా రెండూ కావాలి. ఓడ తిరిగి వాంకూవర్‌కే వచ్చేదైతే కెనడాలోకి రెండోసారి ప్రవేశిస్తారు కాబట్టి ఒకటికన్నా ఎక్కువసార్లు వెళ్లడానికి వీలిచ్చే వీసా ఉందో లేదో చూసుకోండి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవారు పాస్‌పోర్టు, కార్డు రెండూ తెచ్చుకుంటే కెనడా వీసా అక్కరలేదు. హెచ్ 1బీ మీద ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు, మా తోటి ప్రయాణికులు కొందరు ఇక్కడే పొరబడబోయారు.

ఈ రైలు అన్ని రోజులూ ఉండదు కనుక తేదీలను ఓడ నుంచి వెనక్కి లెక్కించండి. ఓడ శనివారం అనుకుంటే, శుక్రవారం వాంకూవర్‌లో ఖాళీ. గురువారం సాయంత్రం రైలు దిగాలి, అంటే బుధవారం పొద్దున్న బాన్ఫ్‌లో ఎక్కాలి. ఆదివారం మధ్యాహ్నానికి కాల్గరీ విమానాశ్రయంలో దిగితే అక్కడికి గంటన్నర దూరంలో ఉన్న బాన్ఫ్‌లో మూడు రాత్రులు దొరుకుతాయి. ఆ బుధవారం రైలు లేకపోతే మంగళవారం దానికి మారండి, గురువారం దానికి మాత్రం వద్దు.