మంట ఎక్కడ ఆగిందో చూడు

చిరంజీవికి,

ఆశీస్సులు. బెంగళూరు పక్కన బన్నేరుఘట్ట అడవి అంచున మీ ఇంటి వెనక గుట్ట తగలబడిన రాత్రి గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. మీరంతా క్షేమంగా ఉన్నారు, అది చాలు. మీ అమ్మగారి ఆయాసం తగ్గిందా? పొగ బాగా పీల్చారు కాబట్టి డాక్టరుకు చూపించడం మానవద్దు.

ఇక వ్యాసం. మొదటి పేజీ నిండా అగ్నికీలలు, ప్రళయం, ప్రకృతి ఆగ్రహం. ఈ మాటలు ఎవరైనా రాస్తారు. నీ మాట మూడో పేజీలో ఉంది. మర్నాడు పొద్దున బాల్కనీలో ఆరేసిన తెల్ల చున్నీ మీద నల్లటి గడ్డిపోచ ఒకటి వాలి ఉందనీ, కాలిపోయినా దాని రూపు చెదరలేదనీ, వేలు తగలగానే పొడి అయిందనీ రాశావు. అక్కడ చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. ఆ వాక్యం ఆ ఇంట్లో ఉన్న మనిషే రాయగలదు. వ్యాసం అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

భారతంలో ఖాండవవనం తగలబడినప్పుడు కృష్ణార్జునుల రథాలు, ఇంద్రుడు కురిపించిన వాన అన్నీ ఉన్నాయి. అయినా కథ ఒక గూటి దగ్గర ఆగుతుంది. జరిత అనే తల్లిపక్షికి ఎగరలేని పిల్లలు నాలుగు. అన్నిటినీ మోసుకుపోలేదు, ఏ ఒక్కదాన్నీ వదలలేదు. ఎలుక కలుగులో దాక్కోమంటే, ఎలుక నోట పడటం కన్నా నిప్పే నయమంటాయి పిల్లలు. వనం ఎంత కాలిందో మరిచిపోయినవాళ్లకు కూడా ఆ పిల్లల వాదన గుర్తుంటుంది.

ఒకచోట మాత్రం నిన్ను గట్టిగా వారించాలి. గద్దలు గూళ్లు పోగొట్టుకుని ఏడుస్తూ తిరిగాయన్నావు. అవి వేటకు వచ్చాయమ్మా. మంట ముందు గడ్డిలోంచి మిడతలూ తొండలూ బయటికి పరుగెత్తుతాయి. గద్దలకూ పాలపిట్టలకూ ఆ సంగతి బాగా తెలుసు. చావూ విందూ ఒకే గుట్ట మీద ఒకేసారి జరిగాయి. దాన్ని అలాగే రాయి, నీ దుఃఖాన్ని పక్షి గొంతులో పెట్టకు.

చివర్లో ‘అడవి మళ్లీ చిగురిస్తోంది’ అన్నావు. ఏం చిగురిస్తోందో దగ్గరికి వెళ్లి చూశావా? ఆ పొదల్లో చాలా భాగం లాంటానా. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషువాళ్లు తోటల అందం కోసం తెచ్చిన మొక్క. కాలినా కాండం మొదలు నుంచి మళ్లీ లేస్తుంది, మిగతా మొలకలకు చోటివ్వదు, ఎండాక మళ్లీ మంటను పెంచుతుంది. వేసవి జల్లులు పడ్డాక వెళ్లి, గడ్డి ఎక్కడ లేచిందో, లాంటానా ఎక్కడ లేచిందో విడివిడిగా చూసి రా.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది నువ్వు కృతజ్ఞత చెప్పిన తీరు. ‘దేవుడి దయవల్ల మంట మా గోడ దాకా రాలేదు’ అన్నావు. దేవుణ్ణి కాదనను, నేనూ రోజూ దీపం పెట్టేవాణ్ణే. కానీ మంట ఎక్కడ ఆగింది? గుట్ట కింద గడ్డి చెక్కేసిన వెడల్పాటి బాట ఒకటి ఉందని నువ్వే రాశావు, అదేమిటో అడగకుండా దాటిపోయావు. అది ఫైర్ లైన్. ఎండలు ముదరకముందే అటవీశాఖవాళ్లు పొదలు నరికి, కొన్నిచోట్ల తామే జాగ్రత్తగా కాల్చి, మంటకు అందేదేమీ లేకుండా చేస్తారు. ఆ పనిలో ఎండాకాలానికి మాత్రమే తీసుకునే వాచర్లు ఉంటారు, చుట్టుపక్కల పల్లెలవాళ్లు. ఇప్పుడు ఉపగ్రహాలు నిప్పును పసిగడితే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఫోన్లకు సందేశం వస్తుంది. ఆర్పడానికి మాత్రం మనిషి నడిచి వెళ్లాలి. గుట్ట వాలు మీదికి ఫైరింజను ఎక్కదు కాబట్టి పచ్చి కొమ్మలు విరిచి, సెగ మొహానికి తగులుతుండగా మంటను కొడుతూ పోవాలి. 2017లో కర్ణాటకలోనే ఉన్న బందీపూర్ పులుల అడవిలో మంటలార్పుతూ ఒక ఫారెస్ట్ గార్డు ప్రాణం కోల్పోయాడు. 2019 ఫిబ్రవరిలో అక్కడే వేల ఎకరాలు కాలినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు కుమ్మరించాయి, నేల మీద మాత్రం కొమ్మలు పట్టుకున్న మనుషులే ఉన్నారు. మీ గుట్ట మీద ఆ రాత్రి ఎవరున్నారు? వాళ్ల చేతులు నీ వ్యాసంలో కనబడాలి.

మీ అమ్మగారి మొహానికి తడి తువ్వాలు కట్టిన పక్కింటావిడకు అరవాక్యం ఇచ్చావు. నీళ్ల ట్యాంకరు విషయంలో ఆవిడకూ మీకూ మాటలు లేవని ఫోనులో చెప్పావు కదా, అది వ్యాసంలో లేదు. ఆ గొడవ కూడా రాయి. అది లేకపోతే ఆవిడ మీ తలుపు తట్టడానికి ఎంత మనసు కావలసివచ్చిందో పాఠకుడికి తెలియదు.

ఈ ఆదివారం ఆ వాచర్లలో ఒకరిని కలుసుకో. ఆనేకల్ వైపు తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి, నీ కన్నడం చాలకపోయినా ఇబ్బంది లేదు. పుస్తకం, పెన్ను వెంటనే బయటికి తీయకు. ఆ రాత్రి ఏం తిన్నారు, కాళ్లకు ఏం తొడుక్కున్నారు, ఇంటికి ఎప్పుడు చేరారు, వర్షాలు మొదలయ్యాక ఏ పనికి వెళతారు, కూలి సకాలంలో అందుతుందా, ఇవన్నీ అడుగు. నిప్పు ఎలా పుట్టిందంటారో కూడా విను. కొత్త గడ్డి కోసం ఎవరైనా పెట్టిందో, పారేసిన బీడీయో తెలియకుండా, నిప్పుకు కారణమైనవాణ్ణి నువ్వన్న ‘రాక్షసుడు’ అనే మాట ఉంచకు.

తిరగరాసి నాకు పంపు. పత్రిక సంపాదకుడికి నేను ఉత్తరం రాస్తాను, తొందర లేదు. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ మేలు కోరే
మాస్టారు