సైటోక్రోమ్ పి450 కాలేయానికి మాత్రమే పరిమితమా?

"సైటోక్రోమ్ పి450 కాలేయంలో మందులను మార్చే ఎంజైమ్ కదా, మరి అడ్రినల్ గ్రంథుల్లోనూ శిలీంధ్రాల్లోనూ దానికేం పని?" అన్నది మీ ప్రశ్న.

అది ఒక్క ఎంజైమ్ కాదు, ఒక పెద్ద వంశం పేరు. మనుషుల్లోనే దీనికి పనిచేసే జన్యువులు 57 ఉన్నాయి. హీమ్ అనే, ఇనుమును పట్టి ఉంచే భాగం మధ్యనున్న ఇనుముతో ఆక్సిజన్ అణువును పట్టి, అందులో ఒక పరమాణువును ఎదుటి పదార్థంలోకి చొప్పించి, రెండోదాన్ని నీరుగా వదలడం వీటికి బాగా అబ్బిన విద్య. ఆ విద్యను ఏ కణం దేనిమీద ప్రయోగిస్తుందన్నదాన్ని బట్టి పాత్ర మారుతుంది. అడ్రినల్ కణాల మైటోకాండ్రియాలో సివైపి11ఎ1 (సివైపి అంటే సైటోక్రోమ్ పి450కి పొట్టి పేరు, వెనకున్న అంకెలూ అక్షరాలూ వంశంలో ఏ సభ్యుడో చెబుతాయి) కొలెస్టరాల్ పక్కగొలుసును తెంచి ప్రెగ్నెనలోన్‌ను తయారుచేస్తుంది. స్టిరాయిడ్ హార్మోన్ల తయారీకి అదే తొలిమెట్టు. మూత్రపిండంలో మరొకటి విటమిన్ డిని చురుకైన రూపానికి తెస్తుంది. కాలేయంలోనూ పేగుల్లోనూ మందుల విషయంలో పెత్తనం ఎక్కువగా సివైపి3ఎ4ది.

ఈ ఎంజైమ్‌లు క్షయకరణం చెంది (అంటే ఎలక్ట్రాన్‌ను పొంది) కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకున్నప్పుడు 450 నానోమీటర్ల వద్ద కాంతిని గరిష్ఠంగా శోషిస్తాయి కనుక ఆ పేరు వచ్చింది. బెంగళూరులో పరిశోధక విద్యార్థిగా నేను తీసిన మొదటి నమూనా 420 వద్ద శిఖరం చూపింది. అంటే ఎంజైమ్ అప్పటికే చెడిపోయిందన్నమాట.

ఈ వంశపు బంధుత్వం నాకు నిజంగా అర్థమైంది మాత్రం ప్రయోగశాలలో కాదు, మారతహళ్లిలోని మా మామయ్య ఇంట్లో. కొలెస్టరాల్ కోసం సిమ్వాస్టాటిన్ వాడుతున్న ఆయనకు ఒక చర్మవైద్యుడు, వేరే మందుల సంగతి అడగకుండానే, తామరకు ఇట్రకొనజోల్ రాశారు. కొద్ది రోజులకే తొడల కండరాలు మెట్లెక్కనివ్వనంతగా నొప్పిపెట్టాయి. ఇట్రకొనజోల్ గురి శిలీంధ్రపు సివైపి51 మీద. అది ఆగితే శిలీంధ్రానికి పొర కట్టుకోవడానికి కావలసిన ఎర్గోస్టెరాల్ అందదు. అయితే ఆ మందులోని నత్రజని నేరుగా హీమ్ ఇనుమునే అంటుకుంటుంది, ఆ ఇనుము వంశమంతటికీ ఉమ్మడి ఆస్తి. అందువల్ల సిమ్వాస్టాటిన్‌ను వదిలించవలసిన మనిషి సివైపి3ఎ4 కూడా స్తంభించి, రక్తంలో ఆ మందు మోతాదు పెరిగిపోయింది.

మరో వైద్యుడు ఇట్రకొనజోల్ ఆపి టెర్బినఫైన్‌కు మార్చారు. అది అడ్డుకునే శిలీంధ్రపు ఎంజైమ్ స్క్వాలిన్ ఎపాక్సిడేజ్ ఈ వంశానికి చెందినది కాదు. అయినా టెర్బినఫైన్ మనలో మరికొన్ని మందులను మార్చే సివైపి2డి6ను నిరోధిస్తుంది కాబట్టి, ఈసారి మామయ్య మందుల చీటీలన్నీ ముందు వేసుకుని ఒక్కొక్కటీ సరిచూశాకే మొదటి మాత్ర వేసుకోనిచ్చాను.