మెట్ల మీద బిస్కెట్ పెట్టే పిల్లాడికి స్నేహం నేర్పాలా?

"మేడమ్, మాది విశాఖపట్నం, మల్కాపురం. మా చర్చిలో సండే స్కూల్ బిగినర్స్ క్లాస్ నేనే చూస్తాను, అందరూ మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు. ఈ వేసవి సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ స్కూల్, అదే వీబీఎస్‌లో మా క్లాసుకి స్నేహం అనే అంశం ఇచ్చారు. ఏ బైబిల్ కథలు చెప్పాలి, ఏ ఆటలు ఆడించాలి? నా బాధేంటంటే నాలుగేళ్ల మా బాబే క్లాసులో అందరినీ తోసేస్తాడు, బొమ్మ ఎవరికీ ఇవ్వడు. మొన్న ఆదివారం ఒక పాపతో 'నువ్వు మా ఇంటికి రావద్దు, వస్తే తలుపు వేసేస్తా' అన్నాడు. పాస్టరమ్మ గారు పక్కనే ఉన్నారు, నాకు తల కొట్టేసినట్టయింది. టీచర్ కొడుకే ఇలా ఉంటే మిగతా పిల్లలకి ఏం చెప్తాను? పై వాటాలో మా బావగారు వాళ్లు ఉంటారు, వాళ్ల పాప వీడికంటే ఆరు నెలలు పెద్ద, ఇదివరకు పొద్దస్తమానం కలిసే ఆడుకునేవాళ్లు. పోయిన సంవత్సరం మా ఆడపడుచు కొత్తింటి ప్రార్థనలో మా తోడికోడలు పదిమందిలో 'పుట్టింటి నుంచి మంచం కూడా తెచ్చుకోని మనిషి మాట్లాడేదేంటి' అంది. అప్పటినుంచి మాకు మాటల్లేవు. లోపలి మెట్లకున్న గ్రిల్ గేటుకి తాళం వేసేశాను, వాళ్లు బయటి మెట్ల మీదుగా వెళ్తున్నారు. నేనే టీచర్నని ఆవిడ పాపని సండే స్కూల్‌కి పంపడం కూడా మానేసింది. మావారు, బావగారు మాత్రం ఒకే బండి మీద డ్యూటీకి వెళ్తారు, ఏమన్నా అంటే 'మీ ఆడవాళ్ల గొడవలో నన్ను లాగకు' అంటారు. వీడేమో తినే బిస్కెట్లో సగం తీసుకెళ్లి మెట్ల మీద పెట్టి వస్తాడు, చీమలు పట్టేస్తున్నాయి, కొట్టినా మానడం లేదు. మొండితనం బాగా ఎక్కువైంది. వీడిని ఎలా మార్చాలి?"

అమ్మా, కథలూ ఆటలూ కింద రాస్తాను, అదేం పెద్ద పని కాదు. కానీ చివర్లో 'వీడిని ఎలా మార్చాలి' అని అడిగారు చూడండి, అక్కడ నాకు కోపం వచ్చింది, దాచుకోను. మీ బాబుని మార్చాల్సిన పనేం లేదు.

నాలుగేళ్ల పిల్లాడు. చేతిలో ఉన్నది ఒక్క బిస్కెట్. దాన్ని విరిచి సగం తను తిని, మిగతా సగం గ్రిల్ సందులోంచి చెయ్యి దూర్చి మెట్టు మీద పెట్టి వస్తున్నాడు. పైనుంచి అక్క దిగుతుందో లేదో వాడికి తెలీదు, దిగట్లేదని రోజూ చూస్తూనే ఉన్నాడు, నిన్న పెట్టింది చీమలు తినేశాయి, అయినా ఇవాళ మళ్లీ పెట్టాడు, అమ్మ కొట్టినా రేపు కూడా పెడతాడు. వీబీఎస్‌లో ఫ్లాష్‌కార్డులు, యాక్షన్ సాంగ్స్ పెట్టుకుని గొంతు పోయేలా మీరు నేర్పాలనుకుంటున్నది ఇదే కదమ్మా? మీ ఇంట్లో రోజూ జరుగుతోంది. దాన్ని మీరు చీమల లెక్కలో వేసి, మొండితనం అని కొట్టారు.

ఇక 'నువ్వు మా ఇంటికి రావద్దు, వస్తే తలుపు వేసేస్తా' అన్న మాట. నాలుగేళ్లవాడు ఆ మాట సొంతంగా అల్లలేడు, ఎక్కడో విన్నాడు. మీరు ఆ పాప మొహం మీదే అన్నారని నేననుకోవడం లేదు. ఫోన్లో మీ అమ్మగారితో అని ఉంటారు, రాత్రి మీవారితో అని ఉంటారు, అంట్లు తోముకుంటూ మీలో మీరే అనుకుని ఉంటారు. పిల్లలు కారు తోసుకుంటూ ఆడుతున్నట్టే ఉంటారు గానీ చెవులు మాత్రం మన దగ్గరే పెట్టుకుని ఉంటారు. కోపం వస్తే ఎదుటివాళ్లని రావద్దనాలి, తాళం వెయ్యాలి అని వాడికి ఇంట్లో తెలిసింది, దాన్నే తీసుకెళ్లి క్లాసులో చేశాడు. పాస్టరమ్మ గారు చూశారని మీరు కుమిలిపోతున్నారు. ఆవిడ ఇలాంటి పిల్లల్ని ఎంతమందిని చూసి ఉంటారు, ఆ టెన్షన్ వదిలేయండి.

బొమ్మ ఇవ్వకపోవడం, తోసేయడం ఆ వయసులో మామూలే. 1932లోనే మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు నర్సరీ పిల్లల ఆటని గమనించి, చిన్నపిల్లలు ఒకరి పక్కన ఒకరు కూర్చున్నా ఎవరి ఆట వాళ్లే ఆడతారనీ, కలిసి ఒకే ఆట ఆడటం వయసుతో పాటు మెల్లగా వస్తుందనీ రాసింది. సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్తే మీకే కనిపిస్తుంది, ఇద్దరు మూడేళ్లవాళ్లు మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని ఒకే ఇసుకలో ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకుంటూ ఉంటారు. కాబట్టి పిల్లాడి చేతిలో బొమ్మ లాక్కుని పక్కవాళ్లకి ఇప్పించకండి. 'నువ్వు ఆడుకోవడం అయ్యాక అమ్మాయి వంతు' అని చెప్పి, వంతు వచ్చేదాకా ఆ అమ్మాయి పక్కన మీరు కూర్చోండి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి, మీ తోడికోడలు.

ఆవిడ అన్న మాట తప్పు. పదిమందిలో పుట్టింటిని ఎత్తి మాట్లాడితే ఏ ఆడపిల్లకైనా కడుపు మండుతుంది, అది మరిచిపొమ్మని నేను చెప్పను. మన ఇళ్లల్లో చిన్న కోడలికి సర్దుకుపో సర్దుకుపో అని చెప్పేవాళ్లకి కొదవ లేదు, అందులో నేను కూడా చేరను. కానీ ఒకటి అడుగుతాను. ఏడాదయింది కదా, ఆ మాట గురించి ఆవిడతో ఒక్కసారైనా మొహం చూసి మాట్లాడారా? ఇంత ఉత్తరంలో అది ఎక్కడా లేదు. తాళం వేశారు, మాట మానేశారు, ఆవిడ పాపని సండే స్కూల్ మాన్పించింది. నోరు జారింది పెద్దవాళ్లు, శిక్ష పడింది ఇద్దరు పసిపిల్లలకి. నాకు తెలిసిన ఆత్మాభిమానం ఇలా ఉండదు. అన్న మనిషి ఎదురుగా నిలబడి, 'అక్కా, ఆ రోజు నువ్వన్న మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. నన్నేమైనా అను, మా అమ్మానాన్నల్ని మాత్రం ఇంకోసారి అనొద్దు' అని గట్టిగా, కేకలు పెట్టకుండా చెప్పగలగాలి. గ్రిల్‌కి తాళం వేసి లోపల కూర్చుంటే ఆవిడకేం తెలుస్తుంది, మీరు పొగరుగా ఉన్నారనే అనుకుంటుంది.

'తను పెద్దది, తనే ముందు రావాలి' అంటారేమో. మీరు సండే స్కూల్ టీచర్, మత్తయి సువార్త ఐదో అధ్యాయం మీకు నేను చెప్పక్కర్లేదు. బలిపీఠం దగ్గర అర్పణ పట్టుకుని నిలబడ్డ మనిషికి, సహోదరుడికి తన మీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు యేసు. తప్పెవరిది, పెద్దెవరు, చిన్నెవరు అని అక్కడ అడగలేదు, గుర్తొచ్చినవాళ్లే వెళ్లాలి. మీకు గుర్తొచ్చింది కాబట్టే నాకు రాశారు. పైగా తాళంచెవి మీ దగ్గరే ఉంది.

మీవారి సంగతి వేరే. వదిన ఆ మాట అన్నప్పుడు ఆయన నోరు తెరిచి ఉండాల్సింది. అన్నదమ్ములు ఒకే బండి మీద వెళ్లడం సంతోషమే, కానీ భార్యకి జరిగిన అవమానాన్ని ఆడవాళ్ల గొడవ అని తోసేయడం మగవాళ్లకి సులువైపోయింది. అది ఆయనతో విడిగా కూర్చుని తేల్చుకోండి, దీనికి ముడిపెట్టకండి. ముడిపెడితే ఇదీ తేలదు, అదీ తేలదు.

సరే, కథలు. నేను మిషన్ స్కూల్లో చదువుకున్నదాన్ని, ఇవన్నీ వింటూ పెరిగాను కాబట్టి చనువుగా చెప్తున్నాను. ఆ వయసువాళ్లకి కథ ఐదారు నిమిషాలు మించితే కదిలిపోతారు, ఒక రోజుకి ఒక్క కథ, కథ అవ్వగానే అదే కథని ఆటగా ఆడించేయాలి, మధ్యలో నీతి చెప్పి చంపేయకూడదు.

మొదటి రోజు జక్కయ్య. పొట్టివాడు, పన్నులు వసూలు చేసే మనిషి, యెరికోలో ఎవరికీ గిట్టదు, యేసుని చూడ్డానికి మేడిచెట్టు ఎక్కాడు. యేసు చెట్టు కింద ఆగి, త్వరగా దిగు, ఇవాళ నేను మీ ఇంట్లో ఉండాలి అన్నాడు. ఒక చాప వేసి అదే జక్కయ్య ఇల్లు అనండి, లక్కపిడతలతో వంట పెట్టండి, దొరికితే ఏటికొప్పాక లక్కబొమ్మలు తెచ్చి చుట్టాల్లా కూర్చోబెట్టండి, నున్నగా ఉంటాయి, చిన్న చేతులకి గుచ్చుకోవు. ఒక్కొక్కళ్లే వచ్చి 'మీ ఇంటికి రావచ్చా' అని అడగాలి, జక్కయ్య 'రండి రండి' అని చాప మీద చోటు ఇవ్వాలి. అందరికీ వంతు వస్తుంది గానీ ముందు మీ బాబునే జక్కయ్యని చెయ్యండి. ఆ నోటితో 'రండి' అనడం వాడికి పదిసార్లు అలవాటు కావాలి.

మార్కు రెండో అధ్యాయంలో నలుగురు మోసుకొచ్చిన పక్షవాయువు మనిషి కథ ఇంకా బాగా పండుతుంది. కపెర్నహూములో ఇంటినిండా జనం, గుమ్మం దగ్గర కూడా చోటు లేదు, వాళ్లు ఇంటి కప్పు విప్పి పరుపుతో సహా దించేశారు. ఒక తువ్వాలు, మధ్యలో బొమ్మ, నాలుగు మూలలు పట్టుకోవడానికి నలుగురు పిల్లలు, గది ఈ చివర నుంచి ఆ చివరకి మొయ్యాలి. ఒకడు తొందరపడి పరిగెత్తినా, ఒకడు చెయ్యి వదిలేసినా బొమ్మ దొర్లి పడుతుంది. మీరేం చెప్పక్కర్లేదు, రెండోసారికి వాళ్లే 'మెల్లగా, మెల్లగా' అని ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారు. ఈ కథ మీ అత్తగారి చేత చెప్పించండి, ఆ తరం వాళ్లు చెప్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. ఈ సువార్తలు తెలుగులోకి తెచ్చే పని మన ఊళ్లో కూడా జరిగిందమ్మా, 1805లో లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో దిగి ఆ పనికి కూర్చుంటే, మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. మన సముద్రపు గాలిలో తెలుగైన కథని మన ఊరి నాయనమ్మలు చెప్తేనే అందం.

మెఫీబోషెతు కూడా చెప్పొచ్చు, పేరు పలకడానికి పిల్లలు పడే తిప్పలే ఒక ఆట. కాళ్లు సరిగా లేని అతన్ని దావీదు రాజు రోజూ తన బల్ల దగ్గరే భోజనానికి కూర్చోబెట్టుకున్నాడు. గుండ్రంగా కూర్చుని ఒకే పళ్లెంలో మరమరాలు తినడం, అంతే ఆట.

ఇక దావీదు, యోనాతాను. మొదటి సమూయేలు 18లో యోనాతాను తను వేసుకున్న పై వస్త్రం తీసి దావీదుకి ఇచ్చాడు, కత్తి, విల్లు, నడికట్టు కూడా ఇచ్చేశాడు. మీ క్లాసుకి అంతవరకే చాలు, ఎవరూ అడగకుండా తనంతట తనే ఇచ్చాడని చెప్పండి. బాణాల గుర్తు, యోనాతాను తండ్రి సౌలు రాజు కోపం పెద్ద క్లాసు పిల్లలకి.

ఆ మిగతా కథ మాత్రం మీరు చదవండి, 20వ అధ్యాయం, ఇవాళ రాత్రే. తండ్రికి దావీదంటే పగ. కొడుక్కి ఆ పగ అంటలేదు. తండ్రి ఎంత మండిపడ్డా, దావీదు పక్షాన మాట్లాడినందుకు భోజనం బల్ల దగ్గరే తన మీదకి ఈటె విసిరినా, యోనాతాను స్నేహం మానుకోలేదు. మీ ఇంట్లో యోనాతాను ఎవరో నేను చెప్పక్కర్లేదు. మరి సౌలు స్థానంలో ఎవరు కూర్చున్నారో మీరే చూసుకోండి. ఈ మాట కటువుగా ఉందని తెలిసే రాస్తున్నాను, ఎందుకంటే మీరు చెడ్డ తల్లి కాదు, చెడ్డ తల్లి అయితే మెట్ల మీద బిస్కెట్ సంగతి ఉత్తరంలో రాయరు.

ముందు మీ బాబుని దగ్గరికి తీసుకుని 'అక్కకి పెట్టడం మంచి పనే, నేను కొట్టకుండా ఉండాల్సింది' అని చెప్పండి. పిల్లాడికి ఆ మాట చెప్తే మన పెద్దరికం ఏమీ తగ్గదు. చీమలకి భయమైతే మూతున్న చిన్న స్టీలు డబ్బా ఇవ్వండి. తర్వాత తాళం తీయండి, తీసి పక్కన పెట్టుకోవడం కాదు, ఆ తాళాన్ని వీధి గేటుకి వాడుకోండి. మగవాళ్లు డ్యూటీకి వెళ్లాక, పదకొండింటికి వంట పని తీరే వేళ పైకి వెళ్లండి. చేతిలో గిన్నె, కూర ఏమీ పట్టుకెళ్లకండి, బతిమాలడానికి వచ్చిందని అనుకోనివ్వకండి. పైన రాసిన మాటే చెప్పండి, ఆవిడ జవాబుగా మీ మీద నాలుగు తిరిగి అనొచ్చు, ఆవిడ దగ్గరా ఏవో ఉంటాయి, ఏడాదిగా మూటకట్టుకుని కూర్చుంది ఆవిడ కూడా, విని రండి. క్షమాపణ ఆ రోజే రావాలని పట్టుబట్టకండి. వచ్చేముందు మాత్రం 'పాపని వీబీఎస్‌కి పంపు అక్కా, నా క్లాసే, నేను చూసుకుంటాను' అని అడగండి. పాప వస్తే తువ్వాలు ఆటలో ఇద్దరికీ పక్కపక్క మూలలు ఇవ్వండి. చివరి రోజు ప్రోగ్రామ్‌లో ఇద్దరి చేతులు కలిపి స్టేజీ మీద నిలబెట్టి అందరికీ చూపించాలని మాత్రం అనుకోవద్దు, మీ ఇద్దరి రాజీకి పిల్లల్ని బొమ్మల్లా వాడుకోకూడదు.

ఒకవేళ ఆవిడ తలుపే తీయకపోతే, లేదా పాపని పంపనంటే, గేటు మళ్లీ మూయకుండా తెరిచే ఉంచి నాకు రాయండి. అప్పుడు మీ అత్తగారిని ఇందులోకి ఎలా తేవాలో, మీ బావగారితో ఎవరు మాట్లాడితే బాగుంటుందో చెప్తాను.