అమ్మడూ, చార్ట్ కాదు, పొట్ట చూడు

అమ్మడూ,

నీకు మగవాళ్ళ వార్డులో నర్సు డ్యూటీ పడిందని మీ అమ్మ ఫోన్ చేసింది, చెప్తూనే ఏడుపు, "ఒంటేలు పాట్‌లు ఎత్తడానికా అక్కా దీన్ని నాలుగేళ్ళు చదివించింది" అని. నేను ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు మా అమ్మ కూడా అచ్చం ఇదే అంది, అందుకే కోపం రాలేదు, నవ్వొచ్చింది. నాకైతే నువ్వంటే గర్వంగా ఉంది. భయమూ ఉందిలే, అందుకే ఈ ఉత్తరం.

పుస్తకంలోవి నీకు తెలుసు. యూరోబ్యాగ్, అదే ఒంటేలు పట్టే సంచి, బ్లాడర్ (మూత్రాశయం) కన్నా కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. ఎనిమాకి ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టు. పుట్టిన బిడ్డ 24 గంటలైనా ఒంటేలు పోయకపోతే పిడియాట్రిక్ డాక్టర్‌కి చెప్పు. బాలింత ఆరు గంటలైనా యూరిన్‌కి వెళ్ళకపోతే ఊరుకోకు, నిండిన బ్లాడర్ గర్భసంచిని ముడుచుకోనివ్వదు, బ్లీడింగ్ అయిపోద్ది.

ఇక నేను చేసిన తప్పు చెప్తా, మీ అమ్మకి కూడా తెలీదు. 1987, నైట్ డ్యూటీ. డెబ్బై ఏళ్ళ రైతు, ఆ మధ్యాహ్నమే స్పైనల్, అదే వెన్నులో మత్తు, ఇచ్చి హెర్నియా ఆపరేషన్ చేశారు. రాత్రంతా పక్క తడుపుతూనే ఉన్నాడు, నాలుగుసార్లు దుప్పటి మార్చాను, మార్చిన ప్రతిసారీ చార్ట్‌లో యూరిన్ పాస్డ్ అని రాసి టిక్కు పెట్టాను, ఎంత బాగా చూసుకుంటున్నానో అని నాకు నేనే మురిసిపోయాను కూడా. ఆయనేమో కుదురుగా పడుకోడు, లేస్తానంటాడు, పంచె లాగేసుకుంటాడు, "పోవట్లేదమ్మా" అంటాడు. "మరి ఈ పక్కంతా తడిపిందెవరు తాతా, నేనా?" అని కసిరాను. పక్కనున్న ఆయన ముసలి భార్య కొంగుతో విసురుతూ నా మొహంలోకి చూసి ఊరుకుంది. ఆ చూపు ఇప్పటికీ గుర్తే.

తెల్లారుఝామున సీనియర్ సిస్టర్ రౌండ్‌కి వచ్చింది. చార్ట్ ముట్టుకోలేదు. దుప్పటి తీసి బొడ్డు కింద అరచెయ్యి పెట్టింది, తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. బోర్లించిన కుండలా గట్టిగా, బొడ్డు దాకా ఉంది. క్యాథెటర్ గొట్టం వేస్తే 1200 ఎంఎల్ దాటి వచ్చింది. ఆయన "అమ్మయ్యా" అని ఒక్క మాట అని నిద్రపోయాడు. అసలే వయసుకి పెరిగిన ప్రోస్టేటు గ్రంథి, పైన స్పైనల్ మత్తు, బ్లాడర్ నిండిపోయి పొంగిన కాస్తా కారుతుంటే నేను ఖాళీ అవుతోందనుకున్నా. సిస్టర్ నన్ను తిట్టలేదు. "ఎన్ని ఎంఎల్ అని రాశావ్?" అంది, అంతే. నేనసలు కొలిస్తే కదా!

మోషన్స్ విషయంలోనూ ఇదే మోసం ఉంది, జాగ్రత్త. మంచం పట్టిన ముసలమ్మకి నీళ్ళలా కారుతున్నాయంటే వెంటనే ఆపే బిళ్ళ కోసం పరిగెత్తకు, గట్టిగా సరిగ్గా అయ్యి ఎన్నాళ్ళైందో ముందు అడుగు, లోపల మలం రాయిలా అడ్డుపడి పక్కనుంచి కారుతుండొచ్చు. డాక్టర్ని చెయ్యి పెట్టి చూడమను.

బెడ్‌పాన్ అడగడానికి సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేసేవాళ్ళుంటారు. మీ తాతయ్య చివర్లో అంతే చేశాడు, సాయంత్రం నాలుగు తర్వాత గ్లాసు ముట్టేవాడు కాదు, నర్సునై ఉండి నాకే వారం దాకా తెలీలేదు. అందుకే వాళ్ళు అడిగేదాకా ఆగకు, నువ్వే వెళ్ళి అడుగు, స్క్రీన్ లాగి మరీ. చలికాలం స్టీలు పాన్ మీద వేణ్ణీళ్ళు పోసి తుడిచి పెట్టు, లేకపోతే పాపం బిగుసుకుపోతారు.

ఇంకోటి, నువ్వు ఆపుకోకు. పన్నెండు గంటల డ్యూటీల్లో అందరికీ పాట్‌లు పెడుతూ నేను మాత్రం ఆపుకుని ఆపుకుని రెండుసార్లు జ్వరంతో పడ్డాను. బాత్రూమ్ తాళం ఎవరి దగ్గరుంటుందో మొదటి రోజే కనుక్కో.

మీ పెద్దమ్మ