సందేహాలు – సమాధానాలు: కందిలి మరాఠీ మాటేనా?

సందేహం: మాది మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న గడ్చిరోలి జిల్లా సిరోంచ. ఈమధ్య ముందుగదిలోకి గొలుసుతో వేలాడే అలంకారపు లాంతర్లు రెండు తెప్పించాం. లోపల కరెంటు బుగ్గ, చుట్టూ గాజు, ఇత్తడి రంగు చట్రం. మా అత్తమ్మ వాటిని కందిలి అంటారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా కోడలు "అది మరాఠీ మాట అత్తయ్యా, తెలుగులో లాంతరు అనాలి" అంటుంది. వచ్చిన పెట్టె మీద మాత్రం "లాకెట్టు కాంతి" అని తెలుగులో అచ్చు వేసి ఉంది. వీటిని ఏమనాలి? ఇంకోటి: లాంతరు వేలాడుతుందా, వేళ్లాడుతుందా?

సమాధానం: ముందు లాకెట్టు సంగతి తేల్చేద్దాం. ఇంగ్లీషులో మెడలో వేసుకునే పతకమూ పెండెంటే, పైకప్పు నుంచి వేలాడే దీపమూ పెండెంటే. అనువాదం చేసిన మనిషికో యంత్రానికో మొదటి అర్థమే చేతికి తగిలింది. పైగా కాంతి అనేది వెలుగుకు పేరు, వెలిగే వస్తువుకు కాదు. ఆ అట్టపెట్టె పాతసామాన్లవాడికి ఇచ్చేయండి.

ఇక మీ ఇంటి తగాదా. మీ కోడలు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. కందీల్ అనే మాట మరాఠీలో ఉంది. కానీ అది అక్కడ పుట్టలేదు. అరబ్బీలో ఖిందీల్ అంటే దీపం. పారశీకం, ఉర్దూ మీదుగా అది మన దేశానికి వచ్చింది. మరాఠీవాళ్లకు ఎలా అందిందో తెలంగాణవాళ్లకూ అలాగే అందింది. మరాఠీ గాలి సోకని వరంగల్ పల్లెల్లో కూడా పెద్దవాళ్లు కందిలి అనే అంటారు. కాబట్టి అత్తమ్మగారు పక్కింటివాళ్ల దగ్గర అప్పు తెచ్చుకున్న మాట కాదది.

మరి లాంతరు అచ్చ తెలుగా? అదీ కాదు. అది లాటిన్ లాంతెర్నా నుంచి యూరపు భాషల్లోకి వెళ్లి, ఓడలెక్కి మన తీరానికి దిగింది. తమాషా ఏమిటంటే, అరబ్బీ ఖిందీల్‌కు మూలమైన కందేలా కూడా లాటిన్ మాటే. గ్రీకు మీదుగా అరబ్బీకి చేరింది. ఇంగ్లీషు క్యాండిల్, ఫ్రెంచి నుంచి వచ్చిన షాండ్లియర్ దాని సంతానమే. వాటి ధాతువుకు ప్రకాశించడం అని అర్థం. మన సంస్కృత చంద్ర శబ్దం కూడా ఆ ధాతువుకు చుట్టమేనని భాషావేత్తలు తేల్చారు. అందువల్ల లాంతరు శుద్ధమనీ కందిలి మైల అనీ అనడానికి ఏ ఆధారమూ లేదు. రెండూ అరువే, రెండూ మనవే. గోదావరి డెల్టాలో లాంతరు, ప్రాణహిత ఒడ్డున కందిలి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మీ ఊళ్లో దీపావళికి మరాఠీ ఇళ్ల ముందు వెదురుపుల్లల చట్రానికి రంగుకాగితం అంటించి, కింద కాగితపు తోకలు వదిలిన దీపం కడతారు కదా, వాళ్లు దాన్నీ కందీల్ అనే అంటారు. పూర్తి పేరు ఆకాశ కందీల్, ఇంకో పేరు ఆకాశదివా. కార్తికంలో మన శివాలయాల్లో చిల్లుల పాత్రలో దీపం పెట్టి, ధ్వజస్తంభం మీదికి తాడుతో లాగే ఆకాశదీపం పేరులో దీనికి జంట. మీరు బజారులో "కందిలి కావాలి" అంటే దుకాణదారు కాగితపుదే తీసి చూపించవచ్చు. అప్పుడు "గాజు కందిలి" అనండి, సరిపోతుంది. చిమ్నీతో చిక్కు ఇంతకంటే పెద్దది. కోస్తాలో చిమ్నీ అంటే లాంతరు గాజు. మీ వైపు చిమ్నీ అంటే గాజే లేని చిన్న బుడ్డిదీపం! అత్తాకోడళ్లు ఆ మాట జోలికి ఇంకా వెళ్లినట్టు లేదు.

నాకు అసలు ముచ్చటనిపించేది పేరు కాదు, దాని పక్కన వచ్చే క్రియ. పాత కందిలిని ముట్టించేవాళ్లు. పొద్దుగూకే వేళకు గాజు ఊడదీసి, బూడిద అద్దిన పాతగుడ్డతో లోపలి మసి తుడిచి, వత్తి కొసను సమంగా కత్తిరించేవాళ్లు. వత్తి ఒక మూల ఎత్తుగా మిగిలితే మంట అటే లేచి గాజు ఆ పక్క నల్లబడేది. వేడిగా ఉన్న గాజు మీద నీటిచుక్క పడితే పటుక్కున పగిలేది. గ్యాసునూనె, అంటే కిరోసిన్, వాసన సరేసరి. ఇంత పని ఉంది కాబట్టే ముట్టించడం అన్నారు. ఇప్పుడు మీ ఇంట్లో ఎవరైనా "కందిలి ముట్టియ్యి" అంటారా? "కందిలి ఎయ్యి" అంటారు. లైటు వేసినట్టే కందిలి వేస్తారు. దీపం కొండెక్కుతుంది, బుగ్గ మాత్రం మాడిపోతుంది. నూనె, వత్తి, మసి, వాటితో వచ్చిన క్రియలు అన్నీ పోయినా పేరు పోలేదు. ఎందుకంటే ఆ పేరు నూనెకు పెట్టింది కాదు, గాజు మధ్య వెలుగు నిలిచే ఆ ఆకారానికి పెట్టింది.

జనం మళ్లీ డబ్బులు పోసి కొనేదీ ఆ ఆకారాన్నే. ట్యూబులైటు గది మొత్తాన్ని ఒకే తెలుపులో ముంచేస్తుంది. కందిలి కింద వెలుగు ఒక గుండ్రం కట్టుకుంటుంది, మూలలు మసకగా మిగులుతాయి. ఒకప్పుడు ఇంటికి ఒకటే కందిలి గనక పిల్లల చదువు, ఆడవాళ్ల బియ్యం ఏరడం అన్నీ దాని చుట్టూనే సాగేవి. అప్పుడది గతిలేక, ఇప్పుడు కోరి. ఇది భాష సంగతి కాదు కానీ చెబుతున్నాను: ఆ రెండింటిలో బుగ్గ మార్చాల్సి వస్తే, పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉన్నది తీసుకోకండి. అది ట్యూబులైటు తెలుపే. 2700 అని ఉన్నది పాత దీపపు పసిమికి దగ్గరగా ఉంటుంది.

కొత్త పేరే కావాలనుకునేవారికి తూగుదీపం బాగుంటుంది. కన్నడంలో తూగుదీప ఉంది. మనకు తూగు క్రియా ఉంది, తూగుటుయ్యాలా ఉంది, కాబట్టి వినగానే తెలుస్తుంది. పత్రికల్లో వాడితే సంతోషిస్తాను. ఇంట్లో మాత్రం కందిలి ఉండగా ఇంకోటి ఎందుకు?

వేలాడు, వేళ్లాడు విషయానికొస్తే, రాతలో వేలాడు సరైనది. పాత రూపం వ్రేలాడు. అందులోని వ్రేలు అంటే వేలాడటమే. చేతివేలుకు పాత రూపం కూడా వ్రేలు కావడం, దాని బహువచనం వేళ్లు కావడం వల్ల కొందరి నోట వేళ్లాడు స్థిరపడి ఉంటుంది. మాటల్లో ఎవరైనా అలా అంటే నేను దిద్దను, వ్యాసంలో కనిపిస్తే దిద్దుతాను.

మీరు అడగలేదు కానీ, రెండు కొన్నారు గనక బహువచనం కూడా అవసరమే. కందిలీలు అని రాయకండి. నాగలి నాగళ్లు, లోగిలి లోగిళ్లు, కౌగిలి కౌగిళ్లు అయినట్టే కందిలి కందిళ్లు అవుతుంది.