మగ్గం దగ్గర కొనాలంటే పడుగు లెక్క తెలియాలి

మీరు అడిగింది ఇది: గుంటూరులో చిన్న బొటిక్ పెడుతున్నాను, దళారుల్లేకుండా నేతవాళ్ల దగ్గరా బొమ్మలవాళ్ల దగ్గరా నేరుగా సరుకు తెచ్చుకోవడం ఎలా, తెస్తే ఎంత చవగ్గా పడుతుంది?

చివరిదానికి ముందు చెప్పేస్తాను. చవగ్గా పడదు. రానూపోనూ ఖర్చులు, అడ్వాన్సుల్లో ఇరుక్కుపోయే డబ్బు, అమ్ముడుపోక బీరువాలో మిగిలే చీరలు అన్నీ లెక్కేస్తే మొదటి రెండేళ్లు నాకు హోల్‌సేల్‌లో కొన్నదానికన్నా ఎక్కువే పడింది. అయినా ఎందుకు తిరుగుతున్నానంటే, నేను రంగు చెప్పి నేయించుకున్న చీర పక్క షాపులో దొరకదు. మాలాంటి చిన్న షాపులు బతికేది దానిమీదే.

విజయవాడ పటమటలో మా షాపుకి పదేళ్లు. మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్, పెడన కలంకారీ, పుట్టపాక వైపు నుంచి కొద్దిగా ఇక్కత్, ఏటికొప్పాక లక్క బొమ్మలు. అంతే. ఉప్పాడ కూడా ఒకసారి ప్రయత్నించాను గానీ అక్కడి జాందానీ నేత చీరల మీద పెట్టేంత డబ్బు నా దగ్గర తిరగదు.

మొదటిసారి మంగళగిరి వెళ్లినప్పుడు నోట్‌బుక్‌లో ముచ్చటగా రాసుకుని వెళ్లాను. ఎరుపు నాలుగు, ఆకుపచ్చ నాలుగు, నేవీ బ్లూ నాలుగు, ఇలా ఐదు రంగులు, మూడు రకాల అంచులు. మగ్గంలో కూర్చున్న పెద్దాయన ఆ కాగితం చూసి నవ్వాడు. "ఏమ్మా, కిరాణా కొట్టు చీటీ పట్టుకొచ్చావా?" అన్నాడు. తర్వాత పని ఆపి ఓపిగ్గా చెప్పాడు. నిలువు పోగుల్ని పడుగు అంటారు. దానికి రంగు అద్ది, గంజి పెట్టి, మగ్గానికి ఎక్కిస్తే అది అయిపోయేదాకా అదే రంగు. కొత్త పడుగు ఎక్కించాలంటే పాతదాని కొసలకి పోగు పోగూ అతకాలి, వేల పోగులు. నాలుగు చీరల కోసం ఆ చాకిరీ ఎవరు చేస్తారు? అంచు కూడా పడుగులోనే ఉంటుంది, అందుకని ఆ మగ్గం మీద దిగే చీరలన్నిటికీ ఒకటే అంచు. మన ఇష్టానికి మారేవి పేక, అంటే అడ్డంగా నేసే పోగు, ఇంకా కొంగు మాత్రమే.

ఇది తెలిశాక ఆర్డరు ఇచ్చే పద్ధతే మారిపోయింది. ఎర్ర పడుగు మీద నల్ల పేక కొడితే ముదురు మెరూన్ వస్తుంది. పసుపు పేక కొడితే నారింజ మెరుపు. నీలం కొడితే వంకాయ రంగు, మడత తిప్పితే ఎరుపు తొంగిచూస్తుంది. ఒక్క పడుగులో నాలుగైదు రకాలు దించొచ్చు, షాపులో చూసేవాళ్లకి అవి ఒకే మగ్గం మీదివని తట్టదు కూడా. ఇప్పుడు నేను "ఇరవై చీరలు కావాలి" అనను. "ఈ పడుగు మొత్తం నాది, పేకలు ఇవి, కొంగు ఇలా" అంటాను. పడుగుకి ఎన్ని చీరలన్నది ఊరిని బట్టి, మగ్గాన్ని బట్టి మారుతుంది, ముందే అడగండి. పుట్టపాక పట్టులో నాకు ఏడెనిమిది వచ్చాయి.

ఇక్కత్‌లో ఈ కిటుకు సాగదు. నేతకి ముందే పోగుల్ని అక్కడక్కడా బిగించి కట్టి (అదే చిటికి) రంగు అద్దేటప్పుడే డిజైను తేలిపోతుంది, మధ్యలో మనసు మార్చుకుంటే కుదరదు. అందుకే అక్కడ కొత్త డిజైను అడగడం మానేసి వాళ్ల దగ్గరున్నవాటిలోనే ఎంచుకుంటున్నాను. ధర ఎక్కువనిపిస్తే ఒకసారి ఆసు పోయడం, అంటే చిటికి కట్టడానికి నూలుని మేకుల చుట్టూ చేత్తో చుట్టడం, చూసి రండి. ఒక్క చీర నూలుకి వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఇప్పుడు యంత్రం ఉన్న ఇళ్లలో ఆ ఒక్క పని తేలికైంది, మిగతావన్నీ చేత్తోనే.

ఇక మీరు వాడిన 'దళారి' అన్న మాట. నేనూ అదే మాటతో బయల్దేరి ఒక ఇంటికి నష్టం చేశాను. చాలా ఊళ్లలో నూలూ జరీ డిజైనూ ఇచ్చి నేయించేది మాస్టర్ వీవర్, నేసేవాళ్లకి వచ్చేది మజూరీ, అంటే నేత కూలి. ఇల్లూ మగ్గమూ నేతాయనవే అయినా, మగ్గం మీదున్న పడుగు ఆ మాస్టర్ వీవర్‌ది, ఆయన్నే షావుకారు అంటారు. రెండో ఏడు ఒక ఊళ్లో నేను షావుకారుని తప్పించి నేరుగా నేతాయన ఇంటికి వెళ్లి, "మజూరీ మీద చీరకి మూడొందలు ఎక్కువిస్తాను బాబాయ్" అని మూడు చీరలు పట్టుకొచ్చేశాను. అవసరంలో ఉండి ఆయనా ఇచ్చేశాడు. నెల తిరక్కుండా బయటపడింది. షావుకారు నూలు ఆపేసి, పాత బాకీ కట్టమన్నాడు. ఆ ఇంటికి నెలనెలా పని ఇవ్వగలిగే స్తోమత నాకుందా అంటే లేదు. చివరికి నేనే వెళ్లి ఆ మూడు చీరలకీ షావుకారు ధర కట్టి, క్షమించమని అడిగి సర్దుబాటు చేశాను. నూలు మళ్లీ ఇచ్చారు గానీ ఆ పిన్ని ఇప్పటికీ నన్ను చూస్తే లోపలికి వెళ్లిపోతుంది.

అందుకని ఏ ఇంటికి వెళ్లినా మొదటి ప్రశ్న "ఈ పడుగు ఎవరిదండీ?" సొంతంగా నూలు తెచ్చుకుని నేసేవాళ్లుంటారు, వాళ్లతో నేరుగా మాట్లాడుకోవచ్చు. చేనేత సహకార సొసైటీకి నేసేవాళ్లయితే సొసైటీలో అడగండి, బిల్లు కూడా వస్తుంది. మాస్టర్ వీవర్ అయినా నాకిప్పుడు అభ్యంతరం లేదు, నూలు రేటు పెరిగినప్పుడు ఆ దెబ్బ ముందు తగిలేది ఆయనకే. మజూరీ ఎంత ఇస్తున్నారని మాత్రం అడుగుతాను. చెప్పినవాళ్లతో పని చేస్తాను, మాట దాటేస్తే టీ తాగి వచ్చేస్తాను.

బేరం గురించి ఒక్కమాట. ధర తగ్గించమని అడగను, పని తగ్గించమని అడుగుతాను. జరీ అంచు రెండు వేళ్లు సన్నం చేస్తే ఎంత? కొంగులో గీతలు సగం చేస్తే ఎంత? అలా అడిగితే వాళ్లు నిజమైన లెక్క చెబుతారు. ఊరికే రెండొందలు తగ్గించమంటే తగ్గిస్తారు, ఆ రెండొందలు నూలులోనో రంగులోనో మీకు తెలియకుండా పోతాయి.

అన్నిటికన్నా గట్టిగా దెబ్బ తగిలేది సీజను దగ్గర. శ్రావణమాసం అమ్మకాలకి, దసరాకి సరుకు కావాలని జులైలో పరిగెత్తితే ఎవరూ ఏమీ చేయలేరు. మంగళగిరివి గుంట మగ్గాలు, వానలు పట్టుకుంటే గుంటలో చెమ్మ ఊరుతుంది. వీధిలో పడుగు చాచి గంజి పెట్టే పని ఆగిపోతుంది. పెడనలో ఇంకా కష్టం. సహజ రంగుల పని అంటే బట్టని కరక్కాయ నీళ్లలో తడపాలి, ఆరబెట్టాలి. ఇనుప తుక్కూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లతో నలుపు, పటికతో ఎరుపుకి పునాది అచ్చు వేయాలి, ఆరబెట్టాలి. ఆ తర్వాత పారే నీళ్లలో ఉతికి, ఉడకబెట్టి, మళ్లీ ఆరబెట్టాలి. ఎండ లేకపోతే ఇందులో ఏదీ ముందుకు కదలదు. నేను ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆర్డరు ఇచ్చి సగం డబ్బు చేతిలో పెడతాను. దసరా అమ్మకాలయ్యేదాకా ఆ డబ్బు నాది కాదనుకోవాలి. బ్యాంకు అప్పుతో మొదలుపెడుతుంటే ఈ ఏడెనిమిది నెలల వడ్డీ ముందే చీర ధరలో వేసుకోండి.

"అమ్ముడైతే డబ్బు, లేకపోతే వాపసు" అనే పద్ధతి మాత్రం అడక్కండి. మడతల మీద జరీ విరిగి, నలిగిన చీర ఆర్నెల్ల తర్వాత తిరిగొస్తే ఆ ఇంట్లో దాన్నేం చేసుకుంటారు?

చేనేతా పవర్‌లూమా అన్న అనుమానం మీకూ వస్తుంది, మీ కస్టమర్లకీ వస్తుంది. 1985లో వచ్చిన చేనేత రిజర్వేషన్ చట్టం ప్రకారం ఇప్పుడు 11 రకాలు చేనేతకే ప్రత్యేకం, చీర అందులో ఒకటి. అయినా బజారులో జరిగేది చూస్తూనే ఉన్నాం. నేను చూసే గుర్తులు చెబుతాను. నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండా రెండంచులకీ ఒక కర్ర గుచ్చుతారు, ఆ సూది గుర్తులు అంచు పొడవునా సన్నగా కనపడతాయి. ఇక్కత్ అయితే వెనక్కి తిప్పండి, రెండువైపులా ఒకే ముదురు రంగుండాలి, పువ్వు అంచులు కొంచెం చెదిరినట్టుండాలి. ప్రింటు వేసిందైతే వెనక వెలవెలబోతుంది. కలంకారీలో ఒకే అచ్చు పక్కపక్కన ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తప్పుతుంది. గజాలకొద్దీ ఎక్కడా తప్పలేదంటే స్క్రీన్ ప్రింట్ అయ్యుండొచ్చు. స్క్రీన్ ప్రింట్ నేనూ అమ్ముతాను, కాకపోతే వేరే అరలో, అదే పేరుతో, అందుకు తగ్గ ధరకి. అది చెప్పకుండా అమ్మితేనే మోసం.

కలంకారీలో నా తప్పు ఇంకోటి ఉంది. మొదటి విడత దుపట్టాలకి ఉతికే పద్ధతి రాసి పెట్టలేదు. ఒకావిడ వాషింగ్ మెషీన్లో తెల్ల కుర్తాతో కలిపి వేసి, ఆ కుర్తా తీసుకొచ్చి నా కౌంటర్ మీద పరిచింది. డబ్బు వాపసిచ్చాను. అప్పటినుంచి ప్రతిదానికీ ఒక చిన్న చీటీ కడుతున్నాను: మొదటి రెండుసార్లు విడిగా, చల్లటి నీళ్లలో, నీడలో ఆరేయాలి. రెండో విడత ఎరుపు మొదటిదానిలా ఉండదని కూడా అందులోనే రాస్తాను. నీళ్లు మారినా ఎండ మారినా రంగు మారుతుంది, పెడనవాళ్లని తిట్టి లాభం లేదు.

ఏటికొప్పాక బొమ్మల దగ్గర కాస్త హాయి, వాటికి సైజూ మడతా గొడవ లేదు. అంకుడు కర్రని తిప్పుతూ లక్క పట్టించి, మొగలి ఆకుతో మెరుపు తెస్తారు. పిల్లల గిలకలు, కుంకుమ భరిణెలు బాగా పోతాయి. నేను చేసిన బుద్ధితక్కువ పనల్లా వాటిని ఎండ పడే అద్దాల షోకేసులో పేర్చడం. ఒక్క వేసవికి ముందువరస బొమ్మలు పాలిపోయాయి. సహజ రంగులు కదా, నీడలో పెట్టండి. ఒక కుటుంబం దగ్గర పెద్ద ఆర్డరు పెట్టేకన్నా రెండు మూడు ఇళ్లకి పంచండి. కర్ర దొరకని నెలలుంటాయి, ఇంట్లో పెళ్లి ఉంటే ఇరవై రోజులు పని ఆగుతుంది.

లెక్కల సంగతి త్వరగా చెప్పేస్తాను. నాకు అన్ని ఖర్చులతో ₹1,400 పడిన చీర ₹2,200కి అమ్ముతాను, అంతకన్నా తక్కువకిస్తే అద్దె గిట్టదు. చీరలకి జీఎస్టీ 5 శాతమే గానీ, మీరు కుట్టించి అమ్మే డ్రెస్సు ₹2,500 దాటితే 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం పడుతోంది, ధర వేసేటప్పుడు చూసుకోండి. చిన్న నేతవాళ్ల దగ్గర బిల్లు ఉండదు, తేదీ వేసి సంతకంతో రసీదు రాయించుకుని, డబ్బు బ్యాంకు ఖాతాలోకే వేయండి.

మీ పెట్టుబడి ఎంతో రాయలేదు. రెండు లక్షలు అనుకుంటే నేనైతే లక్ష పెట్టి చేనేత సహకార సంస్థ ఆప్కోలోనో సొసైటీల్లోనో బిల్లుతో తయారు సరుకు తెచ్చి షాపు తెరుస్తాను, గుంటూరులో ఏ రంగు పోతుందో, ఏ ధర దగ్గర మనుషులు ఆగిపోతారో అప్పుడు తెలుస్తుంది. ఇంకో అరవై వేలతో మంగళగిరిలో నా రంగులతో పడుగులు వేయిస్తాను, మీకు గంట దూరం కూడా లేదు కాబట్టి నేత నడుస్తుండగా రెండుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. మిగతా నలభై ముట్టుకోను. వెళ్లేటప్పుడు రంగులు ఫోన్లో చూపించకండి, ఫోన్ ఫోన్‌కీ రంగు మారుతుంది. ఆ రంగు గుడ్డముక్క ఏదైనా కత్తిరించి తీసుకెళ్లండి, సగం ముక్క వాళ్ల దగ్గర, సగం మీ దగ్గర.